హిస్టిడిన్ ఉన్నచోటే ఉంది

మహబూబ్ సుభాని పార తిరగేసి, దాని కామతో మూడో దెబ్బ వేసేసరికి మా జూనియర్ కౌండిన్య పొలం గట్టు మీద బోర్లా పడ్డాడు. నోట్లోంచి నెత్తురు కారింది. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. తెగులు రాకుండా మందని చెప్పి ఈ రేపల్లె పొలంలో స్ప్రే డబ్బాతో పిచికారీ చేసింది కౌండిన్యే మరి. ఇరవై రోజుల్లో రెండెకరాల వరి నూలుకండె ఆకారం మచ్చలతో మాడిపోయింది. సుభాని ఇంటికి ఏడాది తిండి అది.

బాపట్లలో మా ల్యాబులో నాలుగేళ్లుగా నాది ఒక్కటే పని. వరికి అగ్గితెగులు తెచ్చే బూజు ఒంటి పొర మీద, నత్రజనిని లోపలికి లాక్కునే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. తలుపు లాంటిదనుకోండి. అందులో హిస్టిడిన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని తీసేసి ఇంకోటి పెట్టాను. అంతే, తలుపు బిగుసుకుపోయింది. ఇలా మార్చిన బూజునే మందుగా కొడితే, అది ఆకు మీద వాలుతుంది గానీ తినలేక చస్తుంది. ఈలోగా వరి మేలుకుని అసలు తెగులుకి ఎదురు నిలబడుతుంది. తెనాలి దగ్గర నందివెలుగులో కుండీల్లో పెంచిన నారు మీద బ్రహ్మాండంగా పనిచేసింది. గర్వం నెత్తికెక్కింది, దాచుకోవడం ఎందుకు.

మా పనిలో బూజు పెంచే ప్లేటుకి అడుగున పేరు రాయాలి, మూత మీద రాయకూడదు. మూతలు మారిపోతాయి. ఈ మాట చెప్పి కౌండిన్యని ఎన్నిసార్లు తిట్టానో. కానీ ఆ వారం అడుగులు తడిసి పెన్ను అంటకపోతే, నా బుద్ధి గడ్డి తిని, నేనే మూతల మీద రాశాను. తర్వాత ఆవిరి తుడవడానికి మూతలన్నీ తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఒకదానివి ఇంకోదానికి పెట్టేశాను. తినలేని బూజు ల్యాబులోనే ఉండిపోయింది. తినేది పొలానికొచ్చింది. మాడిన ఆకుల్లోంచి తీసిన బూజుని నిన్న పరీక్ష చేస్తే హిస్టిడిన్ ఉన్నచోటే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సుభాని మళ్లీ పార ఎత్తాడు. కౌండిన్య చేతులు తలకి అడ్డం పెట్టుకుని, తప్పు నాదేనండి, కొలత ఎక్కువేశానేమో అని ఏడుస్తున్నాడు. వెధవ, చేయని తప్పు మీదేసుకుంటున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"వాణ్ణి వదలండి బాబాయ్. ల్యాబులో మూతలు మార్చేసి, తప్పు బూజు పంపింది నేను. నిన్నటి నుంచీ నాకు తెలుసు," అన్నాను.

పార గాల్లోనే ఆగింది.

"నిన్నటి నుంచా?" అన్నాడు సుభాని. "మరి వాణ్ణి కొడతంటే చూస్తా నిలబడ్డావేంటమ్మా?"

ఆయన నా వైపు వచ్చాడు. కళ్లు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు వినపడింది గానీ నాకు తగల్లేదు. కళ్లు తెరిస్తే ఆయన ఆ కామకేసి తన నుదుటినే బాదుకుంటున్నాడు. గట్టు మీది నుంచి పరిగెత్తుకొచ్చిన ఆయన భార్య కరీమాబీ పార లాక్కోబోతే ఆమె చేతుల నిండా నెత్తురే. కౌండిన్య పాక్కుంటూ వెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

నన్ను మాత్రం ఎవరూ కొట్టలేదు.