చల్లటి చెమట

పొద్దున్నే రెండు యూనిఫాంలు ఇస్త్రీ చేయడం నా పని. ఒకటి నాది, ఒకటి మా బావగారిది. ఆయనది ముందు చేయాలి, మొదటి వేడి మీద గీత బాగా నిలుస్తుందట. "చేతుల మీద గీత కత్తిలా ఉండాలమ్మాయ్, ఎదుటివాడు ముందు చూసేది దాన్నే" అంటారు. మా తోడికోడలు పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి ఆ గీత నా చేతికొచ్చింది. చేయమని ఎవరూ అడగలేదు, ఎందుకు చేయాలని నేనూ అడగలేదు. ఒకరోజు నా బట్టల కుప్పలో ఆయన చొక్కా కనిపించింది, అంతే. ఇస్త్రీపెట్టె ఆవిరి మొహానికి తగులుతుంటే నాకు సగం నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. నా సొంత ఆలోచనలేవైనా ఉంటే ఆ సగం నిద్రలోనే వస్తాయి. మిగతా రోజంతా వాటికి చోటెక్కడ?

నేను ట్రాఫిక్ పోలీసుని. బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, మా బృందానికి పెద్ద. ఒకే ఇంటివాళ్లని ఒకే బండిలో వేయకూడదని పైవాళ్లు అన్నారు గానీ, "ఇంటిమనిషైతే నమ్మకం" అని ఆయనే పట్టుబట్టి నన్ను వేయించుకున్నారు. ఆ నమ్మకమేమిటో నాకు మెల్లగా తెలిసింది. రోడ్డు మీద బండి ఆపినప్పుడు మావాళ్ల చెయ్యి ఎవరి మీదైనా పడితే ఒక ఫారం నింపాలి. బృందంలో ఎవరు కొట్టినా ఫారం మాత్రం నా బల్ల మీదికే వస్తుంది. "మీ భాష బాగుంటుంది మేడం" అంటారు. కొట్టినవాడు టీ తాగుతూ చెబుతాడు, నేను రాస్తాను. వాడు "లాగి అవతల పడేశా" అంటే నేను "వాహనము నుండి దిగుటకు సహాయపడవలసి వచ్చినది" అని రాస్తాను. "నాలుగు తగిలించా" అంటే "కనీస బలము ఉపయోగించడమైనది". పదకొండేళ్లుగా ఇదే. నా చేతిలో పడితే ఎలాంటి దెబ్బకైనా మర్యాద వచ్చేస్తుంది. ఆ వాక్యాల్లో మనుషులుండరు. పని జరిగిపోయి ఉంటుంది, చేసిందెవరో కనబడదు. ఇంట్లో నేను చేసే పని కూడా అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి, అలా రాయడం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఈ పొద్దున ఆయన చొక్కా పక్కనే ఒక ఫారం ఉంది. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఇవ్వాలి. పేరు, తేదీ, స్థలం నింపాను. మిగతాది ఖాళీ.

నిన్న పొద్దున పొగమంచు. వంతెన దిగేచోట నేనూ బావగారూ నిలబడ్డాం. ఆ మంచులో ముందు చప్పుడు వచ్చేది, తరువాత దీపాలు, ఎప్పటికో బండి. చిన్న తెల్ల వ్యాను ఒకటి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు గీతకు అటూ ఇటూ ఊగుతూ వచ్చి, మేం చెయ్యి చూపించకముందే కాలిబాట ఎక్కి ఆగిపోయింది. దాని రెండు పక్కలా చెక్క చట్రాలకు నిలువుటద్దాలు కట్టి ఉన్నాయి. అద్దాలు బిగించే అతని బండి అది. అద్దాల నిండా మంచే. దగ్గరికి నడుస్తుంటే ఆ తెలుపులోంచి నాకు నేనే ఎదురొచ్చాను, ఒక్కో అద్దంలో ఒక్కొక్కదాన్ని. ఒక్క క్షణం, ఇంతమందిమి ఉన్నాం కదా, ఇక భయమేముంది అనిపించింది. ఎందుకలా అనిపించిందో తెలియదు.

అతనికి యాభై ఏళ్లుంటాయి. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, దూరంగా ఏదో మంచి సంగతి వింటున్నట్టు నెమ్మదిగా నవ్వుతున్నాడు. లైసెన్సు అడిగితే అద్దాలు తుడిచే గుడ్డ తీసి ఇచ్చాడు. ఊదమని గొట్టం పెడితే పెదవుల మధ్య పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. మాట ముద్దముద్దగా ఉంది. అంత చలిలోనూ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టుకుని చూశాను. చల్లటి చెమట.

ఆ చెమట నాకు తెలుసు. నెలకు రెండుసార్లయినా మా అత్తయ్య మెడ మీద తుడుస్తాను దాన్ని. వంటింట్లో ఉన్నా, స్నానంలో ఉన్నా నా చెవి ఒకటి ఆమె గది గుమ్మం దగ్గరే ఉంటుంది. ఆమె మాట కాస్త బరువెక్కిందంటే చాలు, పొయ్యి ఆపి పరుగెడతాను. నా జేబులో రెండు పంచదార పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి, డ్యూటీలో కూడా. శిక్షణలో మాకు తాగినవాణ్ని ఎలా పట్టాలో మూడు రోజులు చెప్పారు గానీ దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు తెలిసిందంతా ఆ మంచం పక్కన తెలిసిందే. అలాంటి చదువుని ఎవరూ చదువు అనరు.

"బావగారూ, తాగలేదండీ ఈయన. షుగరు పడిపోయింది. ఒక్క నిమిషం ఆగండి, నోట్లో పంచదార వేస్తాను" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "డ్యూటీలో బావగారేంటి? నువ్వేమైనా నర్సువా? ఇరవై రెండేళ్లుగా తాగుబోతుల్ని చూస్తున్నా నేను. ఇక్కడ నాకు చెప్పకు. వెళ్లి వెనకొచ్చే బళ్లు ఆపు."

వెళ్లాను.

నిన్నటినుంచి నన్ను తినేస్తున్న మాట అదొక్కటే. ఇంట్లో "మంచినీళ్లు" అనగానే లేచే కాళ్లే అక్కడా లేచాయి. ఇరవై అడుగులు వెనక్కి నడిచి, రోడ్డు మధ్యన చెయ్యెత్తి నిలబడ్డాను. ఒక్క బండీ రావడం లేదు. ఎదురుగా అద్దాల్లో అంతా కనిపిస్తోంది. మంచుకి చప్పుడు ఆగిపోయి, నీళ్ల అడుగున జరుగుతున్నట్టు జరిగింది. ఎన్ని అద్దాలుంటే అంతమంది బావగార్లు అతన్ని బయటికి లాగుతున్నారు. అతను స్టీరింగు వదలడం లేదు. ఆ క్షణాన లోకంలో అతనికి గుర్తున్న వస్తువు అదొక్కటేనేమో. అతని చెయ్యి ఎటో విసురుగా లేచింది, బావగారి టోపీ కింద పడింది. టోపీ పడ్డాక ఇక ఆయన్ని ఆపేదేముంది? లాఠీ లేచిన తీరు నాకిప్పటికీ మెల్లమెల్లగానే గుర్తొస్తోంది. ఎండు పుల్ల విరిగినట్టు ఒక్క చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఆ అద్దాలన్నిట్లోనూ, అంచున, ఒక ఆడమనిషి చెయ్యెత్తి నిలబడి ఉంది. రాని బళ్లను ఆపుతూ.

తరువాత పరుగెత్తాను. అతని దవడ పక్కన పంచదార పెట్టి, తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకు కళ్లలోకి మనిషి తిరిగొచ్చాడు. ముందు బండివైపు చూసి, "అద్దాలు పగిలాయా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు కిందికి చూసుకుని, ఎవరిదో అన్నట్టు, "ఈ చెయ్యికేమైంది?" అన్నాడు. బావగారు టోపీ దులుపుకుంటూ, "చూశావుగా, చెయ్యెత్తాడు" అన్నారు నాతో.

మణికట్టు రెండుచోట్ల విరిగిందన్నాడు డాక్టరు. మళ్లీ బరువులు ఎత్తగలడో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. అద్దాలు మోసే మనిషికి ఆ మాట చాలు. దానికి తోడు డ్యూటీలో ఉన్న అధికారి మీద చెయ్యి చేసుకున్నాడని కేసు. అది నిలబడితే జైలు, లైసెన్సు రద్దు. అది నిలబడేదీ లేనిదీ నా ఫారంలో ఒక్క గడి తేలుస్తుంది. "ఎదుటి వ్యక్తి అస్వస్థుడని బలప్రయోగమునకు ముందే అధికారికి తెలియునా?" అవును, కాదు. కాదు అంటే అతను ముద్దాయి. అవును అంటే కేసు పోతుంది, బావగారి మీద విచారణ వస్తుంది, బహుశా ఉద్యోగమే పోతుంది. మాకింకా చొక్కాకు తగిలించే కెమెరాలు రాలేదు. ఆ రోడ్డు మీద ఉన్నది ముగ్గురం, ఒకరికి స్పృహ లేదు.

"కాదు అని పెట్టు. మిగతాది నీ భాషలో నువ్వు రాసెయ్" అన్నారు బావగారు నిన్న సాయంత్రం.

"నేను చెప్పాను కదండీ మీకు."

"ఏం చెప్పావు? నువ్వు అమ్మని చూసి చూసి, అందరూ అమ్మలాగే కనిపిస్తున్నారు నీకు. అది వైద్యమా? ఆ హడావిడిలో ఎవరికి వినపడుతుంది?" గొంతు తగ్గించారు. "శిక్షణ కేంద్రంలో టీచరు పోస్టుకి నీ పేరు రాశాను. సంతకం పెట్టాల్సింది నేనే. గుర్తుందిగా?"

గుర్తులేకపోవడమేమిటి? నాలుగేళ్లుగా ఆ పోస్టు కోసం కలలు కంటున్నాను. కొత్తగా చేరినవాళ్లకు బండి ఎలా ఆపాలో, ఎంత దూరంలో నిలబడాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో చెప్పాలని. పదకొండేళ్లలో నేను ఆపిన ఏ బండి దగ్గరా నాకు లాఠీ అవసరం పడలేదు. అది మా ఆఫీసులో ఎవరి లెక్కలోనూ లేదు. "ఆడమనిషి కదా, జనం గొడవ పడరు" అంటారు. మొన్ననే ఒకడు స్టేషనుదాకా మూడు కిలోమీటర్లు నన్ను తిడుతూనే నా వెంట వచ్చి, చివరికి తనే తాళం చేతిలో పెట్టాడు. ఆడమనిషినని వాడికెవరూ చెప్పలేదు కాబోలు.

మా ఆయన బడిలో లెక్కలు చెబుతాడు. గట్టిగా మాట్లాడని మనిషి. మెత్తటి మాటలకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆయనతో కాపురం చేస్తే గానీ తెలియదు. ఇందాక టీ కప్పు నా ఇస్త్రీబల్ల మీదే పెట్టి, "అన్నయ్య లేకపోతే మనం ఎక్కడుండేవాళ్లం చెప్పు? ఆ అద్దాలాయనకు మనం ఏదో సాయం చేద్దాంలే. ఒక్క గడి. నువ్వు అసలు ఏమీ అనలేదనుకో" అన్నాడు. నాకూ అనుకోవాలనే ఉంది. కాలరు మడిచి ఆవిరి పట్టిస్తూ ప్రయత్నించాను కూడా. నేను ఏమీ అనలేదు. మంచులో నడిచాను, మణికట్టు పట్టుకున్నాను, నా నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. కొంచెం సేపు నిజంగానే అలా జరిగినట్టు అనిపించింది. హాయిగా కూడా ఉంది. ఇంకాస్త ఆవిరి ఉంటే నమ్మేసేదాన్నేమో.

"అమ్మాయ్" అని పిలిచింది అత్తయ్య.

చొక్కా సగంలో వదిలి వెళ్లాను. కాదు, మాట బరువుగా లేదు, మామూలుగానే ఉంది. దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మా ఇంట్లో గోడలు పలుచన. నిన్నటినుంచి అన్నీ విన్నట్టుంది.

"పెద్దాడు కొట్టాడా అతన్ని?"

"కొట్టారత్తయ్యా."

"నాకొచ్చేదే కదూ అతనికొచ్చింది?"

"ఊఁ."

దుప్పటి అంచు నిమిరింది. "వాడెప్పుడూ చూడలేదే దాన్ని. వాడి ముందు నాకెప్పుడూ రాలేదు. నువ్వు రానివ్వలేదు. వాడు నిద్రలేచేసరికి నా మొహం తుడిచి, తల దువ్వి, బాగున్నావా అమ్మా అంటే బాగున్నానురా అనేట్టు తయారుచేసి పెట్టేదానివి."

సొంత కొడుకు ఇరవై ఏళ్లుగా అదే ఇంట్లో ఉంటూ తల్లి జబ్బు మొహం ఎరగడు. ఆ ఎరగకపోవడాన్ని రోజూ ఇస్త్రీ చేసి పెట్టింది నేనే. ఆయన మీద రావలసిన కోపం ఆయన మీదా వచ్చింది, నా మీదా వచ్చింది. ఏది ఎక్కువో చెప్పలేను.

"ఇంకోటి చెప్తాను విను. నాకు అలా అయినప్పుడు నీకు తెలియందొకటుంది" అంది అత్తయ్య. "కళ్లు మూతలు పడతాయి, నాలుక తిరగదు. ఎవరినీ గుర్తుపట్టను, నువ్వెవరో కూడా తెలియదు. కానీ వినపడుతుంది తల్లీ. అడుగుల చప్పుడుతో సహా వినపడుతుంది. నువ్వు పంచదార నీళ్లు కలపడానికి వంటింట్లోకెళ్తావు చూడు, ఆ వెళ్లే అడుగులు వింటుంటే, ఇంక రాదు, వదిలేసి పోతోంది అని ఎంత భయమేస్తుందో."

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. "ఒక్క నిమిషం ఆగండి" అని ఎవరో తన పక్షాన అడగడం వ్యానులో ఉన్న అతను విన్నాడు. ఆ తరువాత ఆ మనిషి బూట్ల చప్పుడు ఇరవై అడుగులు దూరం కావడమూ విన్నాడు.

హాల్లోకి వచ్చాను. బావగారు బనీనుతో నిలబడి, "చొక్కా అయిందా? ఫారం అయిందా?" అని ఒక్క ఊపున అడిగారు. ఇస్త్రీపెట్టె తీగ లాగేసి, "చొక్కా సగం అయింది, మిగతా సగం మీరు చేసుకోండి బావగారూ" అన్నాను. పోట్లాడే గొంతుతో అనలేదు. రోడ్డు మీద బండి ఆపినప్పుడు వాడే గొంతు అది, తగ్గించిన గొంతు. ఇంట్లో దాన్ని ఎప్పుడూ వాడలేదని అప్పుడే గమనించాను.

ఫారం తీసుకుని అత్తయ్య గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. అవును అన్న గడిలో గుర్తు పెట్టాను. దాని కింద వివరాలకు నాలుగు గీతలున్నాయి. పదకొండేళ్ల అలవాటు కొద్దీ కలం "అధికారికి తెలియజేయబడినది" అని మొదలుపెట్టబోయింది. ఆపి, ఆ ఫారాల్లో ఎప్పుడూ రాయని మాటతో మొదలుపెట్టాను.

"నేను చెప్పాను. ఆయన విన్నారు, నన్ను పొమ్మన్నారు. అతను దెబ్బలు తింటాడని తెలిసే నేను పోయాను."