రూడీ హ్రబాక్‌ని దించిన రోజు

మా కొంగలు ఆ ఏడాది ఓడిపోవడంలో మంచి క్రమశిక్షణ పాటించాయి. శనివారం ఓడిపోయేవి. ఆదివారం చర్చి అయ్యాక ఓడిపోయేవి. వాన పడి ఆట ఆగితే మర్నాడు రెండు ఆటలు పెట్టుకుని రెండూ ఓడిపోయేవి. జట్టు అసలు పేరు కెల్సో హెరన్స్. చొక్కా మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉంటుంది కాబట్టి ఊరంతా కొంగలనే అంటుంది. బంతి పక్కనుంచి వెళ్ళిపోతుంటే మావాళ్ళు బ్యాటు భుజాన పెట్టుకుని జపం చేసుకోవడం చూస్తే, ఆ బొమ్మ వేయించినవాడికి దూరదృష్టి ఉందనిపించేది.

మాది చిన్న లీగు. పెద్ద లీగులు పిలవని కుర్రాళ్ళూ, పెద్ద లీగులు వదిలేసిన ముసలి కుర్రాళ్ళూ బస్సులో ఒహాయో, ఇండియానా ఊళ్ళన్నీ తిరిగి బేస్‌బాల్ ఆడతారు. ఇక్కడ మేనేజరంటే అన్నీ ఆయనే. ఎవరు ముందు బ్యాటు పట్టాలో, ఎవరితో బంతి వేయించాలో, ఎవర్ని పక్క ఊరికిచ్చి బదులుగా ఎవర్ని తెచ్చుకోవాలో అంతా ఆయనిష్టం. అందుకే తిట్లు కూడా పంచుకునే పని లేకుండా మొత్తం ఆయనకే.

ఆయన పేరు రూడీ హ్రబాక్. మా వీధివాడే. వయసులో ఉన్నప్పుడు ఇదే మైదానంలో కొంగ చొక్కా వేసుకుని ఆడాడు. ఆయన్ని తిట్టడానికి మాకొక కుర్చీల వరస ఉంది, అవతలి జట్టు కూర్చునే డగౌట్‌కి సరిగ్గా పైన. అందులో మేం ముగ్గురం శాశ్వత సభ్యులం. మందులషాపు డెల్బర్ట్ ఒకడు. వాడి ఫోన్లో ప్రతి ఆటగాడి జాతకం ఉంటుంది, ఎన్నిసార్లు బ్యాటు ఊపాడు, ఎన్నిసార్లు తగిలింది, ఎడమచేతివాడు వేస్తే ఎంత, కుడిచేతివాడు వేస్తే ఎంత అని. రెండోది ఆర్లీన్, రూడీకి సొంత అక్క. మూడోవాణ్ణి నేను, మర్వ్‌ని. ఇళ్ళకు పైకప్పులు వేసేవాణ్ణి. బడిలో నేనూ లెక్కల పుస్తకమూ ఒకరినొకరు ఎక్కువకాలం భరించలేకపోయాం.

డెల్బర్ట్‌ని నేను డాక్టరూ అని పిలుస్తాను. వాడికి ఒళ్ళు మండుతుంది. ఒకసారి వాడితో, మన సాలినాస్ మంగళవారాలు, అదీ గాలి చెరువువైపు నుంచి వీస్తే బాగా కొడతాడు, గమనించావా అన్నాను. అప్పటికప్పుడు పుట్టించిన మాట అది. వాడు రెండు ఇన్నింగ్సులు ఫోన్లో తల దూర్చి వెతికి, నిజమే, కొంచెం తేడా ఉంది అన్నాడు.

కాని ఆ ఏడాది అసలు గొడవ ఒకెండో గురించి. మావాళ్ళలో బంతిని గట్టిగా కొట్టగలిగింది వాడొక్కడే. జూన్‌లో రూడీ వాణ్ణి బ్రాంట్‌ఫీల్డ్ జట్టుకిచ్చేసి బదులుగా బంతి వేసే ఇద్దరు పిచర్లని తెచ్చుకున్నాడు. ఒకడికి భుజం నొప్పి. ఇంకొకడికి వాళ్ళమ్మ మీద బెంగ, వారం తిరక్కుండా ఇంటికి వెళ్ళిపోయాడు. డెల్బర్ట్ ప్రతి ఆటకీ అదే పాడేవాడు. పదిసార్లు బ్యాటు పడితే నాలుగుసార్లు బేస్ చేరేవాణ్ణి ఇచ్చి, వాళ్ళమ్మ దగ్గరికి చేరేవాణ్ణి తెచ్చుకున్నాడని. ఆర్లీన్ ఊరుకునేది కాదు. ఒకెండో మోకాళ్ళు అయిపోయాయి, ఆగస్టుకి కూలబడతాడు, మా తమ్ముడు ముందే చూశాడు అనేది. ఆగస్టు వచ్చింది. ఒకెండో బ్రాంట్‌ఫీల్డ్‌లో కంచె అవతలికి కొడుతూనే ఉన్నాడు.

ఈలోగా ఒకరోజు రేడియోలో రూడీని, రేపు ఎవరితో మొదలుపెడతారు అని అడిగితే, ఒకెండోతో అన్నాడు. ఊరు వారం రోజులు నవ్వింది. మమ్మల్ని వెక్కిరించాడనుకున్నాం. నేనైతే రొట్టెలకొట్లోనూ, పెట్రోలు బంకులోనూ, ఆఖరికి ఒక చావింట్లోనూ ఒకెండో వచ్చాడా అని అడిగాను. ఆర్లీన్‌నీ అడిగాను. మామూలుగా ఐతే వేరుశనక్కాయల సంచితో నెత్తిన ఒకటి పెట్టేది. ఆ రోజు నవ్వి ఊరుకుంది.

సొంత మైదానంలో ఆఖరి ఆట సెప్టెంబరు మొదటి ఆదివారం. జట్టు యజమానురాలు మిసెస్ ట్రిప్లెట్ ఆట అయ్యాక మైకు దగ్గరికొచ్చి, రూడీని ఇంకో రెండేళ్ళు ఉంచుతున్నానని చెప్పబోతోందని ఊరంతటికీ తెలుసు. ఆవిడది మెత్తని మనసు. వాళ్ళాయన పోయినప్పుడు శవపెట్టె మోసినవాళ్ళలో రూడీ ఉన్నాడు. కొంగ బొమ్మ వేసిన కేకు కూడా చేయించింది. డెల్బర్ట్ పొద్దుటి నుంచీ కుతకుతలాడుతున్నాడు. ఇన్ని ఓటములకు కేకు పెడితే గెలిస్తే ఏం పెడతారు అంటాడు. నేను ఆర్లీన్‌ని, అక్కా, కేకులో నీ వాటా నాకివ్వు, మీ తమ్ముడివల్ల నాకొచ్చిన అజీర్తికి పరిహారం అన్నాను. ఆవిడ వినలేదు. అవతలివైపు మావాళ్ళ డగౌట్‌నే చూస్తోంది.

ఏడో ఇన్నింగ్సులో ఒక పరుగు వెనకబడి ఉన్నాం. మావాళ్ళిద్దరు పరుగు పూర్తిచెయ్యడానికి బేసుల మీద కాచుకుని ఉన్నారు. అప్పుడు బ్యాటు పట్టుకుని పెట్‌వే వచ్చాడు.

రావాల్సింది పెట్‌వే కాదు, సాలినాస్. పెట్‌వే ఆ తరవాత. ఆటకి ముందు రూడీ అంపైరుకి రాసిచ్చిన బ్యాటింగు వరస లౌడ్‌స్పీకర్లో చదివారు, అందరం విన్నాం. మా ఆటలో దీనికో చిత్రమైన న్యాయం ఉంది. వరస తప్పినవాడు వచ్చాడని అంపైరుకి తెలిసినా నోరు విప్పకూడదు. అవతలి జట్టు పట్టుకుంటేనే తప్పు. వాడు కొట్టాక, తరవాతి బంతి పడేలోపు పట్టుకున్నారా, పరుగులు చెల్లవు, రావాల్సినవాడు రాకుండానే అవుట్. ఆ బంతి పడిపోయిందా, ఇక ఎవరేమన్నా చెల్లదు.

అందుకని మా వరస మొత్తం ఒక్కసారిగా మూగబోయింది. అవతలి జట్టు మా కాళ్ళకిందే కూర్చుని ఉంది. రూడీ అంటే గిట్టని డెల్బర్ట్ కూడా ఫోన్ బోర్లించి తొడకింద పెట్టుకున్నాడు. వెనక ఎవరిదో చంటిది ఏడిస్తే వాళ్ళమ్మ దాని నోట్లో సాసేజీ ముక్క కుక్కింది.

పెట్‌వే కొట్టాడు. బంతి కుడివైపు గీత వెంట కంచెదాకా దొర్లింది. ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. ముందంజలోకి వచ్చాం. ఎవరం చప్పట్లు కొట్టలేదు. ఇంకొక్క బంతి పడితే చాలు. పిచర్ బంతి చేతిలో తిప్పుతున్నాడు. అంతలో మా కిందినుంచి అవతలి మేనేజరు తీరిగ్గా మెట్లెక్కి, జేబులోంచి ఆ బ్యాటింగు వరస కాగితం తీసుకుంటూ అంపైరు దగ్గరికి నడిచాడు.

పరుగులు పోయాయి. సాలినాస్ అవుట్. జనం లేచి నిలబడి బూతులు మొదలుపెట్టారు. అంపైరు కాగితం చూపిస్తే రూడీ దాన్ని చాలాసేపు చూశాడు. జేబులు తడుముకున్నాడు. తరవాత వెనక్కి తిరిగి, నింపాదిగా నడుచుకుంటూ మావైపు వచ్చి, అవతలి జట్టు డగౌట్‌లోకి దిగి కూర్చున్నాడు.

మైదానం పగలబడి నవ్వింది. అలిగాడనుకున్నారు, నిరసన అనుకున్నారు. నేనైతే లేచి నిలబడి, "రూడీ, ఆఖరికి నిన్ను నువ్వే వాళ్ళకి ట్రేడ్ చేసేసుకున్నావా?" అని అరిచాను. ఆ నవ్వు ఇంకో చుట్టు తిరిగింది. నా జీవితంలో అంతమందిని ఒక్కసారి నవ్వించింది లేదు.

ఆర్లీన్ నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగి కూచోబెట్టింది. గోళ్ళు దిగాయి.

"అలిగి కాదురా అక్కడికి పోయింది. వాడు ఆడిన రోజుల్లో మనవాళ్ళు కూర్చుంది ఈ వైపే."

నాకు వెంటనే ఎక్కలేదు. కింద అవతలి జట్టు కుర్రాడొకడు రూడీ భుజం పట్టుకుని లేపుతున్నాడు. అయ్యా, మీది అటండీ అని మర్యాదగా చెబుతున్నాడు. రూడీ వాడి మొహంలోకి చూసి, తెలిసినవాడిలా నవ్వి, లేచాడు.

అప్పుడు ఎక్కింది. వాళ్ళ నాన్న ఆండ్రూ హ్రబాక్ గుర్తొచ్చాడు. ఆఖర్లో పంచదార డబ్బాలో కాఫీ పోసేవాడు. నన్ను చూసి, చనిపోయిన మా పెదనాన్న పేరుపెట్టి పిలిచేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని చూడగానే గొంతు తగ్గించి, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఒకెండోని ఎందుకిచ్చావురా అని జూన్‌లో నేనే అడిగా. ఎప్పుడిచ్చాను అన్నాడు." ఆవిడ చూపు రూడీ మీదే ఉంది. "మానెయ్యరా అని రెండుసార్లు చెప్పా. రెండుసార్లూ ఒప్పుకున్నాడు, అక్కా నువ్వు చెప్పింది నిజమే అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. తెల్లారేసరికి ఆ మాటే గుర్తులేదు. మళ్ళీ బస్సెక్కాడు."

"ట్రిప్లెట్టమ్మకి చెప్పొచ్చుగా, అక్కా."

"చెబితే ఆవిడ ఏడుస్తుంది. ఏడిస్తే ఊరంతా తెలుస్తుంది. ఓడిపోయినవాణ్ణి తిడతార్రా, నాలుగు రోజులు తిట్టి వదిలేస్తారు. మతి పోయినవాణ్ణి చూసి జాలిపడతారు. మా నాన్న మీద పడ్డ జాలి వాడూ చూశాడు, నేనూ చూశాను. అది నా తమ్ముడి మీద పడనివ్వను." ఆవిడ మిసెస్ ట్రిప్లెట్ కూర్చున్న వైపు గడ్డం చూపించింది. కేకు అప్పటికే బల్లమీద పెట్టారు. "ఆవిడకి జనమంటే భయం. చేతకానివాడని ఇవాళే పంపించెయ్యాలి. నీ గొంతు పెద్దది. మొదలెట్టు."

ఊళ్ళో ఎవరైనా చెబుతారు, నాకు అరవమని ఇంకోసారి చెప్పాల్సిన పని ఉండదు. ఆ రోజు నోరు తెరిస్తే గాలి వచ్చింది. నేను తంటాలు పడుతుంటే ఆవిడే లేచింది. వేసవంతా ఆ వరసలో ఒంటరిగా తమ్ముణ్ణి వెనకేసుకొచ్చిన మనిషి, రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని, "రూడీ, దిగిపో," అంది.

చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. డెల్బర్ట్ మొహం పాలిపోయింది. అప్పుడు నా గొంతు వచ్చింది. దిగిపో అన్నాను. మళ్ళీ అన్నాను, ఈసారి చప్పట్ల తాళంతో. వెనక వరస అందుకుంది, ఆ వెనకది అందుకుంది. సొంత అక్కే అంటుంటే మనకేం మొహమాటం అనుకున్నట్టున్నారు. కాసేపటికి మొదటి బేస్ వైపు జనం కూడా లేచారు. రూడీ అప్పుడే మైదానం దాటి తన డగౌట్ మెట్లదగ్గరికి చేరాడు. ఆగాడు. వెనక్కి తిరిగి మా వరస వెతికి పట్టుకున్నాడు. ఆర్లీన్ ఆపలేదు. అతను చూస్తుండగానే ఇంకోసారి అంది.

ఆట అయ్యాక మిసెస్ ట్రిప్లెట్ మైకు దగ్గరికి వచ్చింది కాని, అందరికీ ధన్యవాదాలు, జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళండి అని మాత్రం చెప్పింది. గురువారం పేపర్లో వచ్చింది, హ్రబాక్ సేవలకు కృతజ్ఞతలు, వచ్చే ఏడాదికి కొత్త మేనేజరు అని. డెల్బర్ట్ ఓడినవన్నీ కూడి, తీసేయడం న్యాయమేనని తేల్చాడు. నేను అవునన్నాను. ఊరు నాలుగు రోజులు తిట్టుకుని, ఫుట్‌బాల్ మొదలవగానే వదిలేసింది. ఆర్లీన్ అనుకున్నట్టే అయింది.

ఆవిడ అనుకోనిది ఒకటి జరిగింది. రూడీ ఆమెతో మాట మానేశాడు. పొయ్యిమీద గిన్నె పెట్టింది మర్చిపోతున్నాడు, బండి ఎక్కడ ఆపాడో మర్చిపోతున్నాడు. అక్క నిలబడి అరిచింది మాత్రం మర్చిపోలేదు. ఆవిడ రోజూ క్యాబేజీ చుట్టలు వండి తెచ్చి గుమ్మంలో పెట్టేది. తలుపు తీసేవాడు కాదు. అతను ఒంటరిగా ఉండకూడని రోజులు దగ్గరపడుతున్నాయి. లోపలికి వెళ్ళాల్సింది ఆవిడే, ఇంకెవరూ లేరు.

నన్ను రానిచ్చేవాడు. అక్టోబరులో ఒకరోజు అతని కప్పు మీద రెండు పలకలు లేచిపోతే సరిచేసి దిగాను. గుమ్మంలో కూర్చుని బీరు తాగుతున్నాం. ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు అరిచావు, సరే. నువ్వు పుట్టిందే అందుకు. అక్క ఎందుకు అరిచిందిరా?"

నిజం చెప్పనని ఆవిడకి మాటిచ్చాను. నిజం కానిది అప్పటికప్పుడు పుట్టించడం నాకు కొత్త కాదు.

"అక్కెక్కడ అరిచింది? అది నేను. ఆవిడ గొంతు పెట్టి అరిచా. ఆవిడ నన్ను ఆపడానికి లేచింది."

"నేను చూశాను. నోటికి చేతులడ్డం పెట్టుకుంది."

"అంత దూరంనుంచి నువ్వు చూసింది ఎవర్నో."

అతను నావైపు తిరిగాడు. నేను ఎప్పుడూ పెట్టుకునే మొహమే పెట్టుకున్నాను. అతని కళ్ళు ఆ మధ్యాహ్నంలోకి వెళ్ళి ఒక్కొక్కటీ తడిమి చూసుకోవడం కనిపించింది. ఆ మెట్లు, మా వరస, లేచిన జనం. ఆ వేసవి మొత్తంలో అతనికి గట్టిగా తెలిసిన సంగతి అదొక్కటే. దాని మీద నుంచి అతని పట్టు జారిపోవడం నేను పక్కనే కూర్చుని చూశాను.

"అంతేనేమో," అన్నాడు.

అంపైర్లతో ముక్కూ ముక్కూ ఆనించి గంటలకొద్దీ వాదించిన మనిషి. లేచి లోపలికి వెళ్ళి, అక్కకి ఫోన్ చెయ్యాలి, నంబరు చెప్పు అన్నాడు.