మాలకు ముందు వారం

ఎల్లస్వామి ఎండుచేపల వ్యాపారి. కట్టంగూర్‌లో సొంత ఇల్లు, సరుకు దాచుకోవడానికి రోడ్డు పక్కన కిరాయికి తీసుకున్న రేకుల గది, తిరగడానికి చుట్టుపక్కల ఊళ్ల అంగళ్లు. ఏ సరుకు ఎన్నాళ్లు నిలుస్తుంది, దేన్ని ఎప్పుడు వదిలించుకోవాలి అన్నది చూసుకుంటూనే నెత్తి నెరిసింది. అందుకే పండుగైనా, చుట్టాల రాకైనా ముందు వచ్చేదెంత, పోయేదెంత అని చూస్తాడు. కొత్త సరుకు దిగిన రోజు పిడికెడు మచ్చు అంగీ జేబులో వేసుకుని ఇంటికి తెస్తాడు. మాపటి బువ్వ తిన్నాక ఒక్కొక్కటి నమిలి చూసి, అప్పుడు ధర కడతాడు.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం కొడుకు నాగేందర్ వచ్చి అయ్యప్ప మాల వేసుకుంటానన్నాడు. అతను నల్లగొండలో బైకుల మెకానిక్కు. అక్కడే గది తీసుకుని ఉంటాడు, ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి పోతాడు. ఈ మండలం నలభై ఒక్క రోజులైనా ఇంట్లో ఉండి పనికి పోయి రమ్మని తల్లి అండాలు అడిగింది. మాల ఉన్న ఇంట్లో మాంసం, చేప, గుడ్డు, ఏ నీసూ ఉండకూడదు. కొడుకు తల అడ్డంగా ఊపాడు.

"మనింట్ల ఎట్లయితదే అమ్మా? యాడ చెయ్యివెట్టినా నీసే. స్వాములు భిక్షకొస్తే గడపకాడనే ముక్కు మూసుకుంటరు. నేను గుడికాడ షెడ్డుల పండుకుంట."

ఆ మాట ఎల్లస్వామికి తగిలింది. వాసన తన వ్యాపారానిది. అండాలుకు మాత్రం వాసన సంగతి పట్టలేదు. మండలం పాటు కొడుకు తన చేతి బువ్వ తినడమా, తినకపోవడమా అన్నదొక్కటే ఆమెకు కావలసింది.

"వచ్చే సోమారం దాంక ఆగు బిడ్డా. ఇంట్ల నీసు రవ్వ గూడ ఉండది. మీ గురుస్వామినే తోలుకొచ్చి సూపియ్యి" అంది.

ఎల్లస్వామి ఆ రాత్రే వంటింటి సరుకు చూసుకున్నాడు. వానాకాలానికని దాచిన ఎండుచేపలు ఒక డబ్బా, ఎండు రొయ్యలు చిన్న కుండెడు, దసరాకు కోసిన యాట మాంసాన్ని ఎండబెట్టిన ఒట్టి తునకలు, సగం అట్ట గుడ్లు. తినేవాళ్లు ఇద్దరు. అందులో సోమవారం అండాలు నీసు ముట్టదు, శనివారం ఆయన ముట్టడు. ఎటు తిప్పి చూసినా తినేదానికంటే ఉన్నది ఎక్కువ. అన్నీ మూటగట్టి రేకుల గదికి చేర్చి, అంగట్లో కుప్పలో కలిపేయడం ఒక్కటే ఆయనకు తోచింది. అండాలు ఒప్పుకోలేదు.

"వంటింట్లకొచ్చింది మల్ల అంగట్లకు పోదు. మనం చేతులువెట్టి తీసుకున్న డబ్బలది ఇంకోల్లకు అమ్ముతవా?"

పారేయడం అన్న మాట ఆయన ఎత్తనే లేదు. ఎత్తితే ఏమవుతుందో తెలుసు. పగిలే సరుకు కాబట్టి ముందు గుడ్లు వండమని సలహా మాత్రం ఇచ్చాడు. అండాలు మూతలన్నీ తీసి, ఒక్కొక్క దాన్ని చేత్తో పిసికి, వాసన చూసింది. ఈ చలికి గుడ్లు వారం ఆగుతాయి, చేపల డబ్బా మూత వదులై తడి పట్టింది, అది ఆగదు అని తేల్చింది. ఎల్లస్వామి ఒక చేపను విరిచి చూశాడు. పటుక్కున విరగాల్సింది వంగింది. సరుకు తనదైనా చూపు ఆమెది అనుకున్నాడు.

సోమవారం తాను తినదు కాబట్టి, మరీ మెత్తబడ్డ చేపలు ఏరి ఆయన ఒక్కడికి సరిపడా బొగ్గుల మీద కాల్చి పెట్టింది. మంగళవారం మిగతావన్నీ పెరటి వంకాయలతో పులుసయ్యాయి. పొద్దున అన్నంలోకి, మాపు జొన్నరొట్టెలోకి అదే. బుధవారం రొయ్యలు పుంటికూరలో, అంటే పెరటి గోంగూరలో పడ్డాయి. పుంటికూర గింజకు రాబోతోంది, ఇంకో రెండు రోజులుంటే నార తేలి పనికిరాకుండా పోయేదే. ఎల్లస్వామికి అప్పుడు అర్థమైంది, ఆమె చూస్తున్నది నీసు ఒక్కటే కాదు. పెరట్లో ముదిరేవి, సంచి అడుగున పురుగు పట్టబోయే జొన్నపిండి, అన్నీ ఆమె మనసులో వరుస కట్టి నిలబడ్డాయి. ఒకటి తీరుతుంటే పక్కనున్నదీ దానంతట అదే తీరుతోంది. అమ్ముడుపోని సరుకును అమ్ముడుపోయే సరుకుతో జోడించి అంటగట్టడం ఆయనకూ తెలుసు గానీ, కొన్నవాడు రెంటినీ మెచ్చుకున్న రోజు ఒక్కటీ లేదు. ఇక్కడ ఆయనే రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

గురువారం లెక్క చెదిరింది. అండాలు తమ్ముడు గాలయ్య దర్గాకాడ యాట కోసి మొక్కు తీర్చుకుని కందూరు విందు చేశాడట, వాటా మాంసం సత్తుగిన్నె నిండా తెచ్చాడు. మొక్కు మాంసం, వద్దనడానికి లేదు. గుడ్లు, తునకలు ఇంకా కదలనే లేదు. ఎల్లస్వామి మొహం చూసి గాలయ్య నవ్వాడు.

"ఏంది బావా, బాకీకొచ్చినోన్ని సూసినట్టు సూస్తున్నవ్?"

"బాకీకొస్తే రేపు రమ్మందును. ఇది రేపటికాగదాయె."

అండాలు తమ్ముణ్ని మాపటిదాకా కదలనివ్వలేదు. తెచ్చినవాడే సగం తిని పోవాలని రెండు పూటలూ కూర్చోబెట్టి పెట్టింది. మిగిలింది శుక్రవారంతో సరి.

శనివారం ఎల్లస్వామి కొత్త రొయ్యల లోడు దింపించి పొద్దుగూకినాక ఇల్లు చేరాడు. అంగీ మేకుకు తగిలించి వంటింట్లోకి చూస్తే, ఆనిగెపుకాయ, అదే సొరకాయతో వండిన తునకల కూర ఇంకా గిన్నెడు ఉంది. ఒక్క మనిషి ఎంతని తింటుంది? గడువు రేపే. ఆయన గొంతు సవరించుకుని, ఈ ఒక్క శనివారం తాను తినేస్తే ఎలా ఉంటుందని అడిగాడు.

"నీ శనారం ఖర్సువెట్టి గిన్నెడు కూర కాపాడుడు, ఇదేం బేరమయ్యా? దాని దారి నాకెర్కే, నువ్వు పండుకో."

దాని దారి ఆదివారం కనిపించింది. నాగేందర్‌తో పాటు మాల వేసుకోబోయేవాళ్లు ఊళ్లో ఇంకో ముగ్గురున్నారు. వాళ్ల వంటిళ్లలోనూ ఇదే తిప్పలని అండాలు శుక్రవారమే విని వచ్చింది. ఎవరింట్లో మిగిలింది వాళ్లు తెచ్చుకోండి, గుడ్ల పులుసు నేను పెడతానని చెప్పింది. ఒకరు కోడికూర, ఒకరు వేయించిన చేప, ఒకరు ఉత్త ఆకలి తెచ్చారు. రేపట్నుంచి లేదన్నది గుర్తొచ్చి నలుగురూ వంచిన తల ఎత్తకుండా తిన్నారు. తునకల గిన్నె మొదటి వడ్డనలోనే ఖాళీ. గుడ్ల పులుసు కోసం నాగేందర్ మూడుసార్లు చెయ్యి చాపాడు. ఆ పులుసులో ఏదో కొత్త రుచి ఉందని ఎల్లస్వామికీ అనిపించింది.

తర్వాత అండాలు కుండలు, డబ్బాలు బూడిదతో తోమి ఎండలో బోర్లించింది. అరలకు సున్నం కొట్టింది. పొద్దు వాలేసరికి గురుస్వామి మల్లికార్జున్, వెనక నాగేందర్ వచ్చారు. నాగేందర్ సంచి ఇంకా బైకుకు కట్టే ఉంది. ఎటు పోవాలో తేలలేదు కదా.

గురుస్వామి కాళ్లు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన భుజం పక్కనే మేకుకు ఎల్లస్వామి అంగీ. ఎల్లస్వామి చూపు దాని జేబు మీద పడింది. నిన్నటి లోడు మచ్చు. శనివారం కాబట్టి నమలలేదు, ఈ సందట్లో గుర్తు రాలేదు. పిడికెడు రొయ్యలు, గురుస్వామి ముక్కుకు జానెడు దూరంలో. వారం రోజుల ఆమె కష్టం తన జేబు దగ్గర మునగబోతోంది. అంగీ తీసుకునేవాడిలా మెల్లగా వెళ్లి జేబులో వేళ్లు పెట్టాడు. జేబు ఖాళీ. బట్ట తడితడిగా ఉంది, సబ్బు వాసన వేసింది.

తిరిగి చూస్తే అండాలు గురుస్వామికి మంచినీళ్లు ఇస్తోంది. ఆయన తాగి, చెంబు చేతికిచ్చాడు.

"మాతా, రేపు మాల వేసినంక మొదటి భిక్ష ఈ ఇంట్లనే పెట్టుకుందం."

నాగేందర్ బయటికి పోయి, బైకుకు కట్టిన సంచి విప్పి తెచ్చి లోపలి గదిలో పెట్టాడు. అండాలు అటు చూడనట్టే చూసింది.

వాళ్లు గుడికి వెళ్లాక ఎల్లస్వామి గొంతు తగ్గించి అడిగాడు, మచ్చు ఏమైందని.

"పులుసు గంత కమ్మగ ఎట్లయిందనుకున్నవ్?" అంది అండాలు. "రొయ్య మంచిదే. ధర జర ఎక్కువ జెప్పినా పోతది."