ఈగ వీపు మీద ఇంటూ మార్కు

మా బావని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. చంపలేదు. మునగచెట్టెక్కించాను.

బావంటే మా అక్క మొగుడు, పళ్ళ డాక్టరు. నేను పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియోలో పనిచేస్తాను. సెలవు దొరికితే చాలు, కాలవ గట్టున బోర్లా పడుకుని అడవి ఈగలకి ఫోటోలు తీస్తాను. "ఈగలకి పాస్‌పోర్టు దేనికి మరదలా, ఏ దేశం పోతాయి?" అని వెక్కిరించిన మనిషే నన్ను చూసి ఖరీదైన కెమెరా కొన్నాడు. నాలుగు రెక్కలుంటే తేనెటీగ, రెండే ఉంటే ఈగ అని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మ్యూజియంలో ఈగల మేడమ్ అని ఒకావిడ ఉంది. ఫోటో చూసి ఏ ఈగో చెప్పేస్తుంది. ఆవిడకి ఫోటోగ్రాఫరు కావాలి. "ఇక్కడెవరూ చూడని ఈగని ఒక్కదాన్ని చూపించు, ఉద్యోగం నీదే" అంది నాతో. పాస్‌పోర్టు మొహాల నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే.

దొరికింది. బియ్యపుగింజంత కూడా లేదు, వీపు మాత్రం తోమిన రాగిచెంబులా తళతళ. కళ్ళు రెండూ నెత్తిన కలిసిపోయి ఉన్నాయి, అంటే మగది. నా కంప్యూటరు మొరాయిస్తోందని, కెమెరా కార్డు బావకిచ్చి కాపీ చేసి పెట్టమన్నాను. "కార్డు పాడైపోయింది మరదలా, అన్నీ పోయాయి" అని దిగాలు మొహంతో తిరిగిచ్చాడు. పిచ్చిమొహాన్ని, ఆయన ముందే ఏడ్చాను. వారం తిరక్కుండా ఫోన్లో మా ఈగల ఫోటోల గ్రూపులో అదే ఈగ, అదే ఆకు, కింద బావ పేరు!

అక్కతో మొత్తుకున్నాను. "నా మీద ఒట్టేసి చెప్పారే, తనే తీశానని. ఒక్క ఈగ కోసం నా కాపురంలో నిప్పులు పొయ్యకు. నోరు మూసుకో" అంది.

మూసుకున్నాను. కళ్ళు మాత్రం తెరిచే ఉంచాను. ఆ ఫోటోలో ఈగ వీపు మీద చిన్న తెల్లటి మెరుపుంది. మెరిసే వస్తువులో ఎదురుగా ఉన్న లైటు ఆకారం పడుతుంది. నా ఫ్లాష్‌కి ముందు నలుచదరపు తెల్ల ఐస్‌క్రీమ్ డబ్బా మూత కడతాను, వెలుగు మెత్తబడటానికి. అది పగిలితే నల్ల టేపుతో ఇంటూ మార్కులా అతికించాను. ఫోన్లో చూస్తే అదంతా వట్టి చుక్క. పెద్దది చేస్తేనే బయటపడుతుంది. గ్రూపులో పెట్టింది చిన్న కాపీ, పెద్దది ఆయన దగ్గరే ఉంది.

మ్యూజియంలో ఫోటోల ప్రదర్శన పెట్టారు. "ఈగ ఫోటో గోడంత చేయించు బావా. పక్కవాళ్ళవి తపాలాబిళ్ళల్లా కనపడాలి" అన్నాను.

"అంతేనంటావా?"

"నీకేం తక్కువ బావా!"

ఎక్కాడు, చిటారుకొమ్మ దాకా.

ప్రదర్శన రోజు కోటు తొడిగి మరీ వచ్చాడు. "ఈవిడ కోసం పడిగాపులు పడ్డాను. ఏ లైటూ వాడలేదు, అంతా పొద్దుటి ఎండే" అని అందరికీ చెబుతున్నాడు. మగ ఈగని పట్టుకుని ఈవిడట! మేడమ్ గోడకి ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది.

"డాక్టరుగారూ, మీ సూర్యుడు నలుచదరంగా ఉన్నాడే. మధ్యలో ఈ ఇంటూ మార్కేంటి?"

నేను సంచిలోంచి కెమెరా తీసి ఫ్లాష్‌కి మూత తగిలించాను. "కదలకు బావా. పాస్‌పోర్టు ఫోటో. గడ్డం పైకి... కళ్ళజోడు ఉండనీ."

ఫ్లాష్ మెరిసింది. కెమెరా తెర మీద ఫోటో మేడమ్‌కి చూపించాను. బావ కళ్ళజోడులో రెండద్దాల మీదా రెండు తెల్లటి చదరాలు, వాటి మీద రెండు నల్ల ఇంటూలు. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఈగ పట్టించింది. హాయిగా ఉంది నాకు, దాచుకోవడం దేనికి?

"సోమవారం నుంచి వచ్చెయ్" అంది మేడమ్ నాతో.

"ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళం కదా మరదలా" అని గొణిగాడు బావ.

"ఇంట్లో నోరు మూసుకోమన్నారు బావా."

అక్క పక్కనే ఉంది, అంతా వింది. ప్రదర్శన అయ్యాక ఆ గోడంత ఈగ ఫోటోని ట్రాలీ ఆటోకెత్తించి ఇంటికి పట్టుకెళ్ళింది. భోజనాల బల్ల దగ్గర, బావ కూర్చునే చోటుకి ఎదురుగా తనే తగిలించింది. మర్నాడు బావ ఫోటోకి వీపు పెట్టి, కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడట. అక్క ఆయన కంచం తీసి, మళ్ళీ ఫోటో ఎదురుగా పెట్టిందట.