ఆటల హాలులో కూత

వానలకు మునగాల దగ్గరి ఓ సర్కారు బడి మైదానం బురదయింది. జిల్లా పోటీలు పదిరోజుల్లోకి వచ్చాయి. అయినా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు బడి ఆటల హాలు దొరకడం లేదు. రోజూ సాయంత్రం అందులో ఊరి పెద్దలు షటిల్ ఆడతారు.

ఆ రోజు కెప్టెన్ రూతు తన జట్టుతో మ్యాట్లు మోయించుకుని నేరుగా హాలులోకి వెళ్లింది.

"గీడ కబడ్డీ ఏందమ్మా? దెబ్బలు తాకుతయి," అన్నాడు షటిల్ క్లబ్ పెద్ద జనార్దన్.

"మ్యాట్లు తెచ్చినం సార్. మీరొక్కసారి కూతకు రండ్రి. మాలో ఒక్కరిని తాకి గీత దాటితే మేమే పోతం. లేకుంటే సాయంత్రాలు హాలు మాకియ్యాలె," అంది రూతు నవ్వుతూ.

జనార్దన్ ప్యాంటు మడిచి, "కబడ్డీ కబడ్డీ" అంటూ దూకాడు. రూతు అతని మడమ పట్టేసింది. మిగతా ఆరుగురూ చుట్టేశారు. పెద్దాయన పడ్డచోటే నవ్వేశాడు, కూత ఆగిపోయింది.

"ఏం పట్టు పట్టిండ్రే! పోటీలు అయ్యేదాకా సాయంత్రం హాలు మీదే. మేం పొద్దున ఆడుకుంటం," అన్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ హెడ్మాస్టర్ ఆండాళు మేడం సరేనని తలూపింది. పిల్లలు కేకలు పెట్టారు.

"ఆగండ్రి, ఇంకో కూత పెడత. ఈసారి మీకు దొరక!" అన్నాడు జనార్దన్.

రూతు చేతులు దులుపుకుని మళ్లీ పట్టుకు సిద్ధంగా నిలబడింది.