లెక్కకు రాని పిల్లలు

బడి ముందున్న నాలుగు వరుసల రోడ్డు మీద సిగ్నలు పెట్టమని నేను అర్జీ ఇచ్చిన ఆరు నెలలకు జవాబు వచ్చింది. ఒకే వాక్యం: "ఆ చోట రోడ్డు దాటే పిల్లలు తగినంత సంఖ్యలో లేరు."

కాగితం పట్టుకుని రోడ్ల ఇంజినీరు గదికి వెళ్లాను. ఆయన ఫైలు నా వైపు తిప్పాడు.

"గంటకి నలభై మంది ఉండాలమ్మా. మావాడు రెండు గంటలు నిలబడి లెక్కపెట్టాడు. ముగ్గురే."

"ఎన్నింటికి నిలబడ్డాడు?"

"పది నుంచి పన్నెండు."

"బడి గంట ఎనిమిదిన్నరకి కొడతారు బాబూ. పదింటికి పిల్లలు రోడ్డు మీదుంటే పట్టించుకోవాల్సింది మీరు కాదు, హెడ్‌మాస్టరు."

పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు.

"మా డ్యూటీ మొదలయ్యేదే పదింటికి. ఏం చెయ్యమంటారు?"

"ఆ ఒక్కరోజు ఎనిమిదింటికి రమ్మనండి."

"మళ్లీ లెక్క వచ్చే ఏడాదే. అప్పుడు చూద్దాం లెండి."

మనవరాలిని రోజూ నేనే నడిపించుకుని బడికి తీసుకెళ్తాను. సిగ్నలు రాకపోతే అది మానాలని మా అబ్బాయి పెట్టిన గడువు ఆ వారంతో ముగిసింది. నేను జవాబు చదివి వినిపించగానే తేల్చేశాడు.

"ఇంక చాలమ్మా. సోమవారం నుంచి పాపని నేనే కార్లో దింపుతా."

"నేను రాను! నాన్నమ్మకి దారిలో ఎక్కాలు నేర్పాలి. ఏడో ఎక్కం ఇంకా రాలేదు తనకి," అంది రెండో తరగతి చదివే మా మనవరాలు.

"నువ్వుండవే."

"అందరూ ఇలా కార్లెక్కిస్తే వచ్చే ఏడాది లెక్కకి నడిచేవాళ్లెవరు మిగులుతార్రా?" అన్నాను.

"నీకు లెక్క ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?"

అన్యాయమైన ప్రశ్న.

సోమవారం, రోజూ మాతో వచ్చే పక్కింటి కవలలను మాత్రమే నడిపించుకుని వెళ్లాను. ఎనిమిదింపావుకు చెయ్యెత్తి రోడ్డు మీదికి దిగాను. రెండు కార్లు ఆగాయి. మూడోది ఆగలేదు. ఆఫీసుకు ఆలస్యమైన మనిషి తోలే తీరున, హారను వదలకుండా, మా ముందునుంచే దూసుకుపోయింది. పిల్లలిద్దరినీ వెనక్కి లాగాను. ఆ కారు వెనక అద్దానికి అదిమిపెట్టిన రెండు అరచేతులు, వాటి మధ్య మా మనవరాలి ముఖం కనిపించాయి.

"మామ్మగారూ, అది మీ కారే!"

"అవును. అటు కాదు, ఇటు చూడండి. ఇంకా సగం రోడ్డుంది."