ఒక్క సెంటు ఎక్కువకు

ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు మాది. మా కల్గూర్లీలో ఎంతకు పోతే అంతకు షేర్లు అమ్మేవాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. మార్కెట్ ఆర్డర్ పెట్టానని పబ్బులో నోరు జారినవాడికి వారం దాకా ఎగతాళి తప్పదు. ధర మనమే చెప్పాలి, అంతకు తగ్గేది లేదని లిమిట్ పెట్టాలి, కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. పక్కింటి వెర్నా చిన్నప్పటి నుంచీ ఈ గొప్పలు వింటూ పెరిగింది. ఆ పొద్దున ఆమె బుద్ధి గడ్డి తిన్నది అందుకేనని నా అనుమానం.

ఆమె తమ్ముడు లెస్టర్ గనిలో డ్రిల్లు పట్టి పట్టి నడుం పోగొట్టుకున్నాడు. పెళ్లీ పెటాకులూ లేవు, అక్క దగ్గరే ఉంటాడు. కూడబెట్టిందంతా ఒక చిన్న బంగారం కంపెనీ షేర్లలో పోశాడు. అవి పెరిగిన రోజున అమ్మేసి, గని మానేసి, ఎస్పరెన్స్ వెళ్లి సముద్రంలో చేపలు పట్టుకుంటానని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. కంప్యూటర్ జోలికి మాత్రం పోడు. కొనడం, అమ్మడం అంతా అక్క చేతి మీదుగానే.

చివరికి షేరు ఇరవై సెంట్లు దాటింది. మర్నాడు తెల్లారి షిఫ్టుకు వెళుతూ లెస్టర్ గుమ్మంలో ఆగాడు. భూమి లోపలికి దిగాక అతనికి ఫోను అందదు.

"బేరాలాడకు అక్కా. తెరవగానే మార్కెట్ ఆర్డర్ పెట్టెయ్. ఎంతొస్తే అంత. నా నడుం ఇంక ఆగదు."

వెర్నా సరేనంది. షిఫ్టులో తినే తిండిని మేం క్రిబ్ అంటాం. అతని క్రిబ్ డబ్బాతో ఇంక పనేముందని ఆమె బీట్‌రూట్ శాండ్‌విచ్‌లు కాగితం సంచిలో పెట్టిచ్చి, డబ్బాను అల్మరా పైకి ఎక్కించేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మార్కెట్ తెరిచేసరికి షేరు ఇరవై నాలుగు సెంట్లు. కొనేవాళ్లు బారులు తీరి ఉన్నారు. ఇంత ఊపు మీదున్నదాన్ని ఎంతకో కొంతకు వదిలెయ్యడానికి వెర్నాకు మనసొప్పలేదు. ఇంకొక్క సెంటు వస్తే తమ్ముడి పడవకు మోటారు కూడా వస్తుంది. లిమిట్ ఎంచుకుని ఇరవై ఐదు కొట్టింది. ధర ఇరవై నాలుగున్నర దాకా వచ్చి ఆగింది. వస్తుందిలే అనుకుని, తమ్ముడు వచ్చేసరికి తినడానికని కేకు కలపడానికి వెళ్లింది.

భోజనాల వేళ కంపెనీ తవ్వకాల ఫలితాలు చెప్పింది. అంతా ఉత్త రాయి. అమ్మకాలు కాసేపు ఆపి మళ్లీ తెరిచేసరికి షేరు ఆరు సెంట్లు.

అప్పుడు వెర్నా నన్ను పిలిచింది. వాడికి ఏం చెప్పను, ఏం చెప్పను అని ఒకటే మాట. కొనేవాళ్లు దొరకలేదని చెప్పమన్నాను. సిగ్గులేకుండా ఆ సలహా ఇచ్చింది నేనే.

సాయంత్రం లెస్టర్ వచ్చాడు. పైకి రాగానే ఎవరో ధర చెప్పేసినట్టున్నారు. అక్క మొహం చూసి, కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నాడు.

"పోన్లే అక్కా. చిన్న కంపెనీ, కొనేవాడు దొరికుండడు. నీ తప్పేముంది?"

నేను నేర్పిన అబద్ధం అతనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వెర్నా నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"కొనేవాళ్లున్నార్రా," అంది. "నేనే ఇవ్వలేదు. ఒక్క సెంటు ఎక్కువ అడిగాను."

లెస్టర్ తిట్టినా బాగుండేదని ఆమె ఇప్పటికీ అంటుంది. కేకు ముక్క కోసి పెడితే తిన్నాడు, బాగుందన్నాడు కూడా. తర్వాత లేచి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చెయ్యి పైకి చాచి అల్మరా మీది డబ్బాను దించాడు. కొళాయి కింద కడిగి ఆమె ముందు పెట్టాడు.

"రేపు బీట్‌రూట్ వెయ్యకు అక్కా," అన్నాడు. "రొట్టె నానిపోతోంది."